నిచ్చెన ప్రయాణము

గోడకు చేరవేసిన నిచ్చెన ప్రసక్తి లేని యంత్రశాస్త్ర పాఠ్యగ్రంథము కానవచ్చుట అరుదు. నేల గరుకైనది, గోడ నునుపైనది, మనుష్యుడొకడు ఇన్నవ మెట్టుపై నిలిచియున్నాడు, ఇట్టి స్థితిలో నిచ్చెన జారునా జారదా అను ప్రశ్నను కళాశాలలో భౌతికశాస్త్రము చదివిన ప్రతివారును ఏదో ఒక పరీక్షలో ఎదుర్కొనియే యుందురు. కాని ఆ నిచ్చెన ఆ గోడ కడకు ఎట్లు వచ్చి చేరినదో ఏ గ్రంథమును అడుగదు. రంగులు వేయు మేస్త్రీ ట్రాలీ ఆటోపై కట్టి తెచ్చుకొనిన వెదురు నిచ్చెనయు, లైన్‌మన్ జీపు క్యారియరుపై వచ్చిన పొడవాటి నిచ్చెనయు, కేబులు తీగలు లాగు కుర్రవాడు మోటారుసైకిలుపై భుజమునకెత్తుకొని తెచ్చిన అల్యూమినియపు నిచ్చెనయు, నిలువుగ నిలిచి పనికివచ్చు గడియలకు ముందును వెనుకను, వీధులవెంట అడ్డముగ పరుండి ఎంతయో దూరము సాగుచుండును. నిలిచిన నిచ్చెనకు శాస్త్రము చేసిన మర్యాదను పరుండి పయనించు నిచ్చెనకును చేయవలెనని ఈ అధ్యాయమును వ్రాయుచున్నాను. గోడపై జారిన నిచ్చెన తనపై ఎక్కినవానిని పడవేయును; కట్టు సడలి బండిమీదినుండి జారిన నిచ్చెన, ఆ పనితో ఏ సంబంధమును లేక వెనుక వచ్చుచున్న స్కూటరు మనిషిని పడవేయును. ఈ రెండవ అపాయము న్యాయదృష్టిచే మొదటిదానికంటె ఘోరమైనదని నా అభిప్రాయము.

మొదట ఒక విషయమును స్పష్టపరచుకొనవలెను. నిచ్చెనను నిర్మించువాడు దానిని నిలువుగ, అనగా నేలతో సుమారు 75 డిగ్రీల కోణమున నిలిపి, దాని నిడివి వెంబడి బరువు క్రిందికి దిగునట్లు ఊహించి నిర్మించును. వాహనముపై పరుండబెట్టిన క్షణమున అదే వస్తువు దూలముగ మారును. దూలమునకు బరువు అడ్డముగ పడును, అది వంగును, ఎచ్చట ఆనించితిమి అనుదానినిబట్టి తక్కువగనో ఎక్కువగనో వంగును. రెండు కొనలను మాత్రమే ఆనించి నడుమ వదలివేసినచో నిచ్చెన నడుము వ్రేలాడును. నడుమ ఒక్కచోట మాత్రమే ఆనించినచో రెండు కొనలును వ్రేలాడును. ఈ రెండింటను దానిపై పడు గరిష్ఠ వంపుభారము సమానమే. ఐతే ఆధారములను రెంటిని కొనలనుండి లోనికి జరుపుచు వచ్చినచో, ప్రతి కొనను మొత్తము నిడివిలో సుమారు అయిదవ వంతు, కచ్చితముగ చెప్పవలెనన్న నూటికి 20.7 వంతులు, వెలుపల వదలినప్పుడు, ఆ వంపుభారము అన్నింటికంటె కనిష్ఠమై, మునుపటిదానిలో దాదాపు ఆరవ వంతునకు దిగును. 12 అడుగుల నిచ్చెనకు ఈ లెక్కచొప్పున ఆధారముల నడుమ ఏడడుగులు, ముందువెనుకల రెండున్నర అడుగుల చొప్పున ఉండవలెను.

ఈ లెక్కకు తోబుట్టువు వంటి మరియొక లెక్క పుట్టుకలో ఒక గొప్ప అగ్నిప్రమాదము ఉన్నది. 1834 అక్టోబరు 16వ తేదీ రాత్రి లండనులో పార్లమెంటు భవనములు దగ్ధమైనపుడు, బ్రిటిషువారి ప్రమాణ గజము కూడ ఆ మంటలలో చెడిపోయెను. క్రొత్త ప్రమాణమును సిద్ధపరచు కార్యమున ప్రముఖపాత్ర వహించిన రాజఖగోళవేత్త జార్జి ఎయిరీ, లోహపు కడ్డీని రెండు ఆధారములపై పరుండబెట్టునపుడు దాని వంపుచే కొలతలో తేడా రాకుండుటకు ఆధారములను ఎచ్చట ఉంచవలెనని గణించి, వాటి నడిమి దూరము నిడివిలో 0.577 వంతు ఉండవలెనని తేల్చెను. ఆయన వెదకినది కొలత స్థిరత్వము. మనము వెదకునది వంపు కనిష్ఠత. సమాధానములు మాత్రము ఇంచుమించుగ ఒకచోటికే వచ్చినవి. సామ్రాజ్యపు గజమునకు కుదిరిన శయ్యయే రంగుల మేస్త్రీ నిచ్చెనకును కుదురుట నాకు ఎంతయో ఆనందకరమైన విషయము.

ఆచరణలో ఈ శయ్య అంత సులభముగ దొరకదు. మన పట్టణములలో చిన్న ట్రాలీ బండ్లపై సాధారణముగ నిచ్చెన కాళ్లను తొట్టిలో వెనుకమూలకు తన్నిపెట్టి, పైభాగమును డ్రైవరు గది మీది ఇనుప చట్రముపై ఆనించి, తల ముందుకు ఎగదన్నియుండునట్లు ఏటవాలుగ వేయుదురు. స్థలము చాలనప్పుడు ఇది తప్పనిసరి. కాని ఈ అమరికలో నిచ్చెన ముందుకొన ఎదురుగాలికి పైకెత్తి చూపినట్లుండును. డ్రైవరు బ్రేకు వేసినపుడు నిచ్చెనను అడ్డగించుటకు ముందువైపున ఏమియు ఉండదు. దీని పర్యవసానము తెలియవలెనన్న బ్రేకు గణితమును చూడవలెను.

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండిపైనున్న నిచ్చెనకు కూడ అదే వేగము కలదని చెప్పనక్కరలేదు. ఆ వేగములో ఇమిడియున్న శక్తి ఎంత? 14 మీటర్ల ఎత్తునుండి, అనగా నాలుగంతస్తుల మేడపైనుండి విడిచిన అదే నిచ్చెన నేలను తాకునపుడు ఎంత శక్తి కలిగియుండునో, అంత. న్యూటను 1687లో ప్రకటించిన మొదటి సూత్రము ననుసరించి, బండి ఆగినను నిచ్చెన తనంతట తాను ఆగదు; దానిని మరియొకటేదో ఆపవలెను. అమెరికా దేశపు రవాణా నిబంధనలు ఈ ఆపు బలమును ఇట్లు నిర్ణయించినవి: సరుకును కట్టిన కట్టు ముందువైపునకు సరుకు బరువులో పదింట ఎనిమిది వంతుల బలమును, వెనుకకును ప్రక్కలకును సగము బరువంత బలమును తాళవలెను. ఐరోపా ప్రమాణములు కూడ రహదారి ప్రయాణమునకు ఇంచుమించు ఇవే వంతులను గ్రహించినవి. గట్టిగ బ్రేకు వేసిన వాహనమునకు కలుగు ఋణత్వరణమునుండియే ఈ ఎనిమిది వంతులు వచ్చినవి.

20 కిలోల అల్యూమినియపు నిచ్చెనను తీసికొందము. సడన్ బ్రేకు పడినపుడు అది ముందుకు దూకుటకు 16 కిలోల బరువుకు సమానమైన బలముతో ప్రయత్నించును. రంగు పూసిన ఇనుప గొట్టముపై అల్యూమినియము ఒరయునపుడు ఘర్షణ గుణకము 0.3 అనుకొన్నచో, నిచ్చెన బరువు వలన కలుగు ఘర్షణ 6 కిలోలు మాత్రమే. తక్కిన 10 కిలోల లోటును త్రాడు పూడ్చవలెను. త్రాడు నిచ్చెనపై అడ్డముగ పోయి క్రిందికి లాగుచున్నచో అది నేరుగ నిచ్చెనను ఆపదు. నిచ్చెనను గొట్టముపై నొక్కి, ఆ నొక్కుడు వలన ఘర్షణను పెంచి, ఆ ఘర్షణచే ఆపును. 10 కిలోల అదనపు ఘర్షణకు 33 కిలోల నొక్కుడు కావలెను. ముందొక కట్టు, వెనుకొక కట్టు, ఒక్కొక్క కట్టునకు రెండు ప్రక్కల రెండు పోగులు; వెరసి నాలుగు పోగులపై పంచినచో పోగునకు 8 కిలోలకు కొంచెము పైమాట. చేతితో లాగి ముడి వేసిన బిగువే చాలునని తోచును.

కాని ఈ లెక్క నున్నని దారిపై చేసిన లెక్క. మన వీధిలో స్పీడ్ బ్రేకరు ఉన్నది, దాని వెనుక గుంట ఉన్నది. చక్రము గుంటలోనికి దిగిన క్షణమున బండి పైకప్పు నిచ్చెన క్రిందినుండి జారిపోవును. ఆ లిప్తపాటు కాలములో నిచ్చెనకు గొట్టముపై ఆనుటకు బరువు అనునది ఉండదు. బరువు లేనపుడు బరువు వలన కలుగు 6 కిలోల ఘర్షణయు ఉండదు. మిగిలినది త్రాటి నొక్కుడు వలన వచ్చు 10 కిలోలు. గుంటను చూచి డ్రైవరు బ్రేకు త్రొక్కునది కూడ సరిగ ఆ క్షణముననే. 16 కిలోల దూకుడును 10 కిలోల ఘర్షణ ఆపలేదు. నిచ్చెన ఒక అంగుళము ముందుకు జరుగును. ఆ అంగుళముతో కట్టు ఏటవాలై సడలును, తరువాతి గుంటకు రెండంగుళములు జరుగును. వీధిలో పడిన నిచ్చెనలు చాలవరకు ఒక్క దెబ్బతో ఎగిరిపడినవి కావు; ఇట్లు అంగుళములుగ జరిగి, చివరకు ఆధారము తప్పినవి. కావున కట్టువాడు నిచ్చెనకు బరువే లేదని భావించి కట్టవలెను. అట్లు భావించినచో 53 కిలోల నొక్కుడు, పోగునకు 13 కిలోలకు పైబడిన బిగువు కావలెను. వానలో తడిసిన గొట్టముపై ఇంకను ఎక్కువ. ఈ అధ్యాయములో నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్క వాక్యమునందే కలదు: బరువు నిచ్చెనను నిలుపునని నమ్మరాదు, కట్టు ఒక్కటియే నిలుపును.

ఘర్షణపై ఆధారపడుట ఒక పద్ధతి, అడ్డగించుట మరియొక పద్ధతి. నిచ్చెనలో ఒక మెట్టును ముందు ఆధారపు గొట్టమునకు వెనుకవైపున, గొట్టమును తాకుచుండునట్లు పెట్టినచో, నిచ్చెన ముందుకు పోవలెనన్న ఆ గొట్టమును విరిచికొని పోవలెను. గొట్టమునకు 16 కిలోలు లెక్కలోనివి కావు. అట్లే త్రాటిని ప్రక్కగడల మీదుగ మాత్రమే వేయక, మెట్టు చుట్టును గడ చుట్టును ఇరికించి త్రిప్పినచో, జారుటకు యత్నించు నిచ్చెన ఆ మెట్టుతోనే త్రాటిని లాగి బిగించుకొనును. గోనె మూటకును ఇనుప పెట్టెకును ఈ సౌకర్యము లేదు. నిచ్చెనకు పుట్టుకతోనే మెట్లున్నవి. ఇంత చక్కని పట్టును విడిచి నున్నని గడలపై త్రాటిని పరచి ఊరుకొనుట, నిచ్చెనలు కట్టువారు చేయు పొరపాటులలో పెద్దది.

ఇక త్రాటి విషయము. గడ చుట్టును త్రాటిని ఒక పూర్తి చుట్టు చుట్టినపుడు ఏమగునో గణించినవాడు స్విట్జర్లాండున పుట్టి, పీటర్స్‌బర్గు, బెర్లిన్ నగరములలో జీవితము గడపిన మహాగణితవేత్త లియొనార్డ్ ఆయిలరు. ఘర్షణ గుణకము 0.3 అనుకొన్నచో, ఒక చుట్టునకు ఒక కొనన పట్టిన బలము రెండవ కొనన ఆరున్నర రెట్లకు పైగ బరువును ఆపును; రెండు చుట్లకు 43 రెట్లు; మూడు చుట్లకు 285 రెట్లు. ఒక్కొక్క చుట్టు బలమును కూడుచు పోక గుణించుచు పోవుట వలన ఈ వృద్ధి కలుగుచున్నది. ఇందు మరింత ఆశ్చర్యకరమైన అంశము, గడ లావైనను సన్ననైనను ఈ ఫలితము మారకుండుట. చుట్టిన కోణము మాత్రమే లెక్కకు వచ్చును. తాటిమానంత స్తంభమునకు ఓడను కట్టు నావికుడును, బొటనవ్రేలంత కడ్డీకి నిచ్చెనను కట్టు పనివాడును ఒకే సూత్రపు నీడలో ఉన్నారు. ముడి వేయుటకు ముందు ఊరక రెండు చుట్లు త్రిప్పు పెద్దమేస్త్రీ అలవాటు వెనుకనున్న శాస్త్రమిది. ఆ రెండు చుట్లే బరువును మోయుచుండును. ముడి కేవలము కొనను పట్టియుంచును.

లారీ క్లీనరు త్రాడు బిగించు విధమును దగ్గరగ నిలిచి చూడదగును. అతడు త్రాటి ఒక కొనను ఒక ప్రక్క కొక్కెమునకు కట్టి, సరుకు మీదుగ ఇవతలికి విసరి, వ్రేలాడు త్రాటి నడుమ ఎడమచేతితో ఒక మెలిక త్రిప్పి చిన్న ఉచ్చును చేయును. మిగిలిన కొనను క్రింది కొక్కెము క్రిందుగ పోనిచ్చి, పైకి తెచ్చి, ఆ ఉచ్చులో దూర్చి, మోకాలిని బండి ప్రక్కకు తన్నిపెట్టి, శరీరపు బరువంతయు వేసి క్రిందికి లాగును. పలుమార్లు కప్పీ తీరుగ త్రాడు మడతపడినందున అతని లాగుడు సిద్ధాంతరీత్యా మూడింతలు కావలెను. త్రాడుపై త్రాడు ఒరయుట వలన అంత దక్కదు, రెండింతలు దక్కుటయు కష్టమే. ఐనను అందువలన మరియొక మేలు కలదు: అతడు లాగుట మానిన తక్షణమే ఆ ఒరపిడియే త్రాటిని వెనుకకు జారనీయదు. ఉచ్చు కడ రెండు వ్రేళ్లతో నొక్కిపట్టి, రెండవ చేతితో అరముడులు రెండు వేసి, మిగులు త్రాటిని చుట్టి దోపును. పాఠశాల గడప త్రొక్కని ఎందరో కుర్రవాండ్రు ఈ యంత్రవిద్యను రహదారి ప్రక్కన, పెద్దవాని చేతివైపు చూచుచు నేర్చుకొనిరి. దానిని విద్య యని పేర్కొనుటకు నాకు ఏ సంకోచమును లేదు.

ఏ త్రాడు మంచిది? ఈ ప్రశ్నకు సమాధానము రాబర్టు హూకు చెప్పియున్నాడు. సాగుదల బలమునకు అనుపాతముగ ఉండునను తన సూత్రమును ఆయన 1676లో అక్షరములను తారుమారు చేసి గూఢముగ ప్రకటించి, 1678లో విప్పి చెప్పెను. కట్టు బిగువుగ ఉన్నదనగా త్రాడు కొంత సాగియున్నదని అర్థము. బండి కదిలిన కొంతసేపటికి నిచ్చెన తన స్థానములో సర్దుకొని, ఆధారపు ప్యాడ్లు అణగి, ఏ రెండు మిల్లీమీటర్లో కుదించుకొనును. 15 మిల్లీమీటర్లు సాగియున్న త్రాడు ఆ రెండింటిని కోల్పోయినను తన బిగువులో చాల భాగమును నిలుపుకొనును. బైండింగు తీగతో కట్టినచో, ఆ ఇనుము సాగినదే ఒక మిల్లీమీటరు. రెండు మిల్లీమీటర్ల సర్దుబాటుతో దాని బిగువు మొత్తము పోయి, తీగ నిచ్చెన చుట్టును గాజువలె వదులై తిరుగును. కావుననే, చూపునకు ఎంతయో గట్టిదిగ కనబడు తీగ నిచ్చెనను కట్టుటకు పనికిరాదు. దీనికి విపరీతమైనది కొక్కెముల రబ్బరు త్రాడు. అది సులువుగ తగులుకొనును, ఎప్పుడును వదులు కాదు, కాని బ్రేకు పడినపుడు సాగుచునే పోయి నిచ్చెనను దూకనిచ్చును. ఈ రెండింటికి నడుమ నున్నవి పాలిస్టరు పట్టీ, నైలాను త్రాడు, నార త్రాడు. నైలాను తడిసినపుడు కొంత సాగును. నార త్రాడు తడిసినపుడు లావై పొడవు తగ్గి, ఎండినపుడు వదులగును. వానలో బిగించి కట్టిన నార కట్టు, ఎండ కాయగనే మరల బిగింపవలసినదే. బండి కదిలిన పిదప మొదటి 50 మైళ్లలో ఒకసారి దిగి కట్లు తడిమి చూడవలెనని అమెరికా లారీ నిబంధనలు శాసించుట ఈ సర్దుబాటును ఎఱిగియే. మన ఊరిలో అయిదారు కిలోమీటర్ల ప్రయాణమునకు, మొదటి గుంట దాటిన పిమ్మట ఒక మారు ఆగి చూచుట చాలును.

వెదురు నిచ్చెనకు కట్టుచోటు కూడ ముఖ్యము. భద్రాచలము, ఆదిలాబాదు అడవుల వెదురైనను, అంగడిలో కొన్న వెదురైనను, కణుపునకు కణుపునకు నడిమి భాగము సాధారణముగ బోలుగ ఉండును. దాని నారలన్నియు నిడివి వెంబడి పోవును. అడ్డముగ గట్టిగ నొక్కినచో నిలువునా చీలును. కణుపు కడ లోపల అడ్డుతెర యున్నందున అది నొక్కుడుకు ఓర్చును. పైగా కణుపు ఉబ్బు త్రాటిని జారనీయదు. కాబట్టి అనుభవశాలి త్రాటిని కణుపునకు ఆనించియే చుట్టును, గడకును ఇనుప గొట్టమునకును నడుమ పాత సైకిలు ట్యూబు ముక్కను పెట్టును. ఆ ట్యూబు ముక్క రెండు పనులను ఒక్కమారు చేయుచున్నది: నొక్కుడును విశాలస్థలముపై పరచుచున్నది, ఘర్షణ గుణకమును ఇనుమునకున్న దానికంటె ఎంతయో పెంచుచున్నది. ఖర్చు లేని వస్తువునుండి ఇంత ఫలము లభించుట అరుదు.

అల్యూమినియపు నిచ్చెనకు వేరొక భయము కలదు. ఇటీవలి కాలములో రాచెట్ బెల్టులు విరివిగ దొరకుచున్నవి. వాటి పిడి పొడవు, పట్టీ చుట్టుకొను ఇరుసు మందము, ఈ రెండింటి నిష్పత్తినిబట్టి చేతి బలము దాదాపు పదింతలై పట్టీలో చేరును. 30 కిలోల లాగుడుతో మూడువందల కిలోల వరకు బిగువు పుట్టవచ్చును. మనకు కావలసినదో పోగునకు 13, లేక జాగ్రత్తకై దానికి రెండు మూడింతలు. మిగిలినదంతయు పలుచని అల్యూమినియపు ప్రక్కగడను నొక్కి నొక్కు చేయుటకు వినియోగపడును. ఇచ్చట మరల ఆయిలరు ఎదురగును. నిలువుగ బరువు మోయు సన్నని స్తంభము, అది నలిగిపోవు బరువుకంటె ఎంతయో తక్కువ బరువు వద్దనే, ప్రక్కకు వంగి కూలునని 1744లో చూపినవాడు ఆయనయే. అట్టి స్తంభములో ఎచ్చటనైన ఒక నొక్కు పడియున్నచో ఆ వంపు అక్కడనే మొదలగును. ఉదయము బండిపై బెల్టును ఒక పన్ను అదనముగ బిగించినవాడు, మధ్యాహ్నము ఆ నిచ్చెన ఎక్కువాని కాళ్లక్రింద ఈ నొక్కును దాచిపెట్టుచున్నాడు. చుట్టిన త్రాటి లెక్కయు, కూలు స్తంభపు లెక్కయు ఒకే మహనీయుని మేధనుండి వెలువడి, ఒకే నిచ్చెన గడపై కలిసికొనుట శాస్త్రచరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన సంగతులలో ఒకటి.

నొక్కు కంటికి కనబడును. అరుగుదల అంత త్వరగ కనబడదు. వదులుగ కట్టిన నిచ్చెన గొట్టముపై నిముషమునకు వందలమారులు సన్నగ కదలుచు, తాకినచోట లోహమును పొడిగ రాల్చును. గడ అడుగున నల్లని మసి అంటియున్నచో అది బండి మురికి అని తుడిచివేయరాదు, అది అల్యూమినియమే. ఇనుమునకువలె అల్యూమినియమునకు, ఇంతకు లోబడిన కుదుపులను ఎన్నింటినైనను ఓర్చునను హద్దు లేదు. చిన్న కుదుపులైనను కోట్లకొలది కూడినచో చివరకు పగులు తెచ్చును.

గాలిని గూర్చి క్లుప్తముగ చెప్పెదను. గాలి ఒత్తిడి వేగపు వర్గముననుసరించి పెరుగును: 60 కిలోమీటర్ల వేగమున ఎదురొడ్డిన చదరపు మీటరుపై సుమారు 17 కిలోలు, 90 కిలోమీటర్ల వేగమున 38 కిలోలు. నిచ్చెనలో ఎక్కువ భాగము ఖాళీయే గనుక దానికి ఇది పెద్ద భారము కాదు; కాని నిచ్చెనతోపాటు నిలుచుటకు వాడు చెక్కపలకను కూడ దానిపై పరచి కట్టు అలవాటు కలదు, అప్పుడు ముందుకొన ఎగదన్నిన ఆ పలక గాలిని పట్టి నిచ్చెనను పైకెత్తజూచును. అల్యూమినియపు నిచ్చెన దారిపొడవునా ఈలవేయుట మీరు వినియుందురు. రెండు కొనలును తెరచియున్న 40 సెంటీమీటర్ల గొట్టపు మెట్టు సెకనుకు సుమారు 430 కంపనములతో పిల్లనగ్రోవి తీరున అనునాదము చెందగలదు. మెట్టు వెలుపల గాలి సుడులుగ విడివడుటవలన, మూడు సెంటీమీటర్ల లావు మెట్టునకు 60 కిలోమీటర్ల వేగమున, సెకనుకు నూటపదికి చేరువైన మంద్రస్వరము వేరుగ పుట్టును. ఈ రెండవదానిని 1878లో చెక్ శాస్త్రజ్ఞుడు స్ట్రౌహల్ పరిశోధించెను. గాలిలో పట్టీ రెపరెపలాడి బుయ్యిమని మ్రోగుచున్నచో, కట్టునపుడే దానికి ఒక్క మెలిక వేసిన చాలును. పట్టీ నిడివి అంతయు ఒక్కతీరున ఊగుటకు వీలుండక మ్రోత అణగును. ఆ మ్రోతతో పాటు పట్టీ అంచుల అరుగుదలయు తగ్గును.

వెనుకకు పొడుచుకొనివచ్చిన కొనను గూర్చి మాత్రము నిదానముగనే చెప్పవలెను. బండి మలుపు తిరుగునపుడు డ్రైవరు ముందుచక్రములను చూచుకొనును, అద్దములో వెనుకచక్రములను చూచుకొనును; నిచ్చెన కొన ఎచ్చట పోవుచున్నదో చూడడు. వెనుక ఇరుసు నడిమి భాగము 4 మీటర్ల వ్యాసార్ధముతో తిరుగుచున్నదనుకొందము. ఆ ఇరుసునకు 3 మీటర్ల వెనుకనున్న నిచ్చెన కొన 5 మీటర్ల వ్యాసార్ధముతో తిరుగును. బడిలో చదివిన లంబకోణ త్రిభుజమే దీనికి సాక్ష్యము. అనగా బండి ఎడమకు తిరుగుచుండగా నిచ్చెన కొన ఒక మీటరు కుడికి, ప్రక్కన పోవు స్కూటరు మనిషి దారిలోనికి, అతని తల ఎత్తున, ఏ శబ్దమును లేకుండ దూసికొనివచ్చును. వెనుకనుండి చూచువానికి నిచ్చెన కొన రెండు చిన్న చుక్కలుగ మాత్రమే కనబడును, దాని దూరమును కన్ను అంచనా కట్టలేదు. ఎఱ్ఱగుడ్డ ఆ చుక్కలకు ఒక వైశాల్యమును కల్పించును. 1968 నాటి వియన్నా రహదారి ఒడంబడిక, సరుకు వెనుకకు ఒక మీటరునకు మించి పొడుచుకొని వచ్చినపుడు గుర్తు ఉండితీరవలెననియు, రాత్రివేళ ఎఱ్ఱదీపమును ఎఱ్ఱని ప్రతిఫలకమును ఉండవలెననియు చెప్పుచున్నది. అమెరికాలో నాలుగడుగులు దాటినచో 18 అంగుళముల చదరపు ఎఱ్ఱ లేక నారింజ వన్నె గుడ్డ తప్పదు. మన దేశమున మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ, సరుకు అనుమతించిన మేరను దాటి ముందుకో వెనుకకో ప్రక్కకో పొడుచుకొని వచ్చినచో 20,000 రూపాయల జరిమానాను విధించినది. కూలిపని చేసికొనువానికి ఇది నెల సంపాదనకు మించవచ్చును. కాని ఆ కొన వెనుకవాని కంటికి తగిలిన దానికి వెల కట్టజాలము.

మోటారుసైకిలు వెనుక కూర్చుండి, మెట్ల నడుమ తల దూర్చి, రెండు భుజములపై నిచ్చెనను మోసికొనిపోవు దృశ్యము మన పట్టణములలో సర్వసాధారణము. ఇందు భారము సమతూకముగనే యుండును, మోయుట సులభముగనే తోచును. కాని నిచ్చెన ముందుకొన ఒక ఆటోకో కరెంటు స్తంభమునకో ప్రక్కగ తగిలిన క్షణమున, ఆరడుగుల మీట మొత్తము ఒక ఇరుసుపై తిరుగును. ఆ ఇరుసు మనుష్యుని మెడ. ఈ పద్ధతి ఎంత మాత్రము క్షమింపదగినది కాదు. కూలి డబ్బులలో ట్రాలీ బాడుగ మిగుల్చుకొనవలెనను అవసరము దీనికి కారణము కావున, తప్పును కుర్రవానిపై మాత్రమే మోపుట న్యాయము కాదు. పని పురమాయించువారు ట్రాలీ ఖర్చును కూలిలో కలిపి ఇయ్యవలసియున్నది.

ఈ చిక్కులన్నింటిని చక్కగ పరిష్కరించిన వాహనము అగ్నిమాపక శకటము. నిచ్చెనను పైకప్పుపై దొర్లుడు కప్పీలమీద పరుండబెట్టి, ముందువైపున అడ్డుకట్టి, వెనుక తాళపు కొక్కెముతో బంధింతురు. కొక్కెము విప్పి లాగగనే నిచ్చెన వెనుకకు దొర్లివచ్చును. అచ్చట త్రాడు లేదు, ముడి లేదు, కట్టువాని చేతి బిగువుపై ఆధారపడుటయు లేదు. ఐరోపా, అమెరికాల పనివ్యానులపై కనబడు నిచ్చెన క్యారియర్లు, వాటి మరబిగింపులు ఈ తీరునకే చెందినవి.

చివరగ, ఎక్కించుటను దించుటను గూర్చి. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల ప్రకారము వీధికి అడ్డముగ పోవు తక్కువ ఓల్టేజి తీగ నేలకు 5.8 మీటర్ల, ఎక్కువ ఓల్టేజి తీగ 6.1 మీటర్ల ఎత్తున ఉండవలసియుండెను. పాత వీధులలో రోడ్డు వేసిన ప్రతిమారును నేల పైకి లేచుచుండుటచే ఈ ఎడము తగ్గిపోవుచుండును. సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తున్న ట్రాలీ తొట్టిలో నిలిచి ఆరు మీటర్ల నిచ్చెనను నిలువుగ ఎత్తినచో దాని కొన 6.7 మీటర్లు చేరును. అనగా ఎత్తులో రెండు తీగలను దాటిపోవును. అల్యూమినియము మంచి వాహకము. ఎండిన వెదురు కాదు, కాని వానకు తడిసిన వెదురును నమ్మరాదు. గాజునార నిచ్చెన వాహకము కాకున్నను, ఏడాది పొడవున బండి పైకప్పు మీద ఎండకు వదలినచో పైపూత చెడి నారలు పైకి తేలి, వాటి నడుమ దుమ్మును తేమను పట్టును. కావున ఎఱిగిన లైన్‌మన్‌లు ఇద్దరు కలిసి, ముందు కొన ఒకరు, వెనుక కొన ఒకరు పట్టి, నిచ్చెనను పరుండినది పరుండినట్లే ప్రక్కకు దించి, తీగల క్రిందినుండి అడ్డముగనే మోసికొనిపోయి, తలయెత్తి మీద తీగ లేదని చూచుకొనిన పిమ్మటనే పైకెత్తుదురు.